కావలిపురుగు

పైడమ్మ కూతురు సంతోషి ప్రాణం పోయే ముందు నోట్లోంచి ఏలికపాము వచ్చింది. మొదటిది పెదవి దాటి గడ్డం మీదికి జారినప్పుడు పిల్ల ఇంకా కళ్ళు తెరిచే ఉంది. రెండోది ముక్కులోంచి తల బయటపెట్టింది. పైడమ్మ దాన్ని వేళ్ళతో పట్టి లాగింది. అది వానపామంత లావుగా, పాలిపోయి, పిల్ల ఒంటి వేడితో వెచ్చగా ఉంది. లాగేకొద్దీ వస్తూనే ఉంది. పూర్తిగా చేతిలోకి వచ్చి మెలికలు తిరిగేటప్పటికి సంతోషి కళ్ళు కదలడం మానేశాయి.

పురుగులు ఉండ చుట్టుకుని పేగుని మూసేశాయనీ, జ్వరం వేడికి తట్టుకోలేక దొరికిన దారిన పైకి పాకాయనీ తరవాత ఎవరో చదువుకున్నాయన చెప్పాడు. పైడమ్మ వినలేదు. ఆమె వాకిట్లో కూర్చుని, ఆ పురుగుని రాయి మీద పెట్టి ఇంకో రాయితో నూరుతూ ఉంది. అది ఎప్పుడో చచ్చింది. అయినా నూరుతూనే ఉంది. చివరికి అన్న ఎర్రయ్య వచ్చి చేతిలోంచి రాయి లాక్కున్నాడు.

ముత్తేలపాలెం చెరకు పండే ఊరు. ఏ ఇంటి ముందు చూసినా బెల్లం దిమ్మలుంటాయి కానీ, ఏ ఇంట్లో చూసినా పిల్లల పొట్టలు కుండల్లా, కాళ్ళు చెరకు పిప్పిలా ఉంటాయి. ఒకప్పుడు బడిలో అప్పుడప్పుడూ ఒక బిళ్ళ మింగిస్తే పురుగులు పడిపోయేవి. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఆ బిళ్ళలు పురుగులకి మరమరాలు. తిని బలుస్తున్నాయి.

"ఏలికపాము అని పెద్దోల్లు ఊరికే అన్నారేటి? కడుపుని ఏలేది అదే. మనం దాని కూలోల్లం," అని ఎర్రయ్య నవ్వించేవాడు. మేనకోడలి శవాన్ని చేతుల మీద మోసిన రోజు నుంచి ఆ హాస్యం మానేశాడు.

పైడమ్మకి మొగుడు లేడు, చెరకుతోటలో పాము కరిచి పోయాడు. ఇక మిగిలింది కొడుకు దాలినాయుడు. ఐదేళ్ళవాడు, అందరూ దాలీ అంటారు. వాడి పొట్ట కూడా ఉబ్బుతోంది. నిద్రలో పళ్ళు పటపటా కొరుకుతున్నాడు. గోడ గీకి మట్టి తింటున్నాడు. ఆ పళ్ళ చప్పుడు వినబడినప్పుడల్లా పైడమ్మకి తన ఎముకల్ని ఎవరో నములుతున్నట్టు ఉండేది.

అలాంటి సమయంలో డాక్టర్ హైమవతి వచ్చింది. పట్నం నుంచి పెద్ద పెద్ద పెట్టెలతో వచ్చి, మూతపడ్డ చెరకు మిల్లు గోదాముని కడిగించి ల్యాబు పెట్టింది. పొట్టి మనిషి. మాట్లాడేటప్పుడు పిల్లల మొహాల వైపు చూడదు, పొట్టల వైపు చూస్తుంది. పురుగులకి కొత్త వైద్యం కనిపెట్టానని చెప్పి తల్లులందరినీ ల్యాబుకి పిలిచింది. అందరూ గుమ్మం దగ్గరే ముక్కులు మూసుకుని నిలబడ్డారు. లోపలికి వెళ్ళింది పైడమ్మ ఒక్కతే.

లోపల అరల నిండా గాజు జాడీలు. జాడీల్లో గోరువెచ్చని నీళ్ళలో ఏలికపాములు ఈదుతున్నాయి.

"గుర్తుపట్టావా వీటిని?" అంది డాక్టరమ్మ.

"గుర్తుపట్టకేటండీ? నా పిల్లని తిన్నాయి కదా. ఈటిని పెంచుతన్నారేటి మీరు?"

"మేత కోసం. దేనికి మేతో చూడు."

డాక్టరమ్మ ఒక ఏలికపాముని పళ్ళెంలో వేసింది. తరవాత ఒక చిన్న సీసా వంచి, ఎర్రదారం పోగు లాంటిదాన్ని ఆ నీళ్ళలోకి జార్చింది. ఆ పోగు కాసేపు ఊరికే తేలింది. ఏలికపాము దగ్గరికి రాగానే ఆగి, వాసన చూసినట్టు తల ఆడించి, ఒక్క దూకుడుతో చుట్టేసుకుంది. ఏలికపాము కొట్టుకుంది. నీళ్ళు చింది పైడమ్మ మొహం మీద పడ్డాయి. ఎర్రపోగు దాని పొట్టలో తల దూర్చి నిలువునా చీల్చుకుంటూ పోయింది. తెల్లటి పేగులు బయటికి వచ్చి నీళ్ళలో విచ్చుకున్నాయి. కాసేపటికి పళ్ళెంలో ఖాళీ తోలు మిగిలింది.

"దీని పేరు కావలిపురుగు. నేనే తయారు చేశాను. ఏలికపాము వాసన దీనికి ఒక్కసారి చూపించాను, అంతే. ఒక్కసారి నేర్చుకుంటే చచ్చేదాకా మరచిపోదు," అంది డాక్టరమ్మ.

పైడమ్మ రెప్ప వెయ్యలేదు.

"ఇంకోటి ఎయ్యండి డాక్టరమ్మా."

డాక్టరమ్మ ఇంకోటి వేసింది. అదీ చీలింది.

"ఇంకోటి."

అప్పుడు మొదటిసారి డాక్టరమ్మ ఆమె మొహం వైపు చూసింది. చూసి, ఇంకోటి వేసింది.

తరవాత బెల్లం పానకం ఒక చుక్క వేసింది. కావలిపురుగు చుట్ట చుట్టుకుని అడుగుకి చేరి నిద్రపోయింది. ఇంకో పళ్ళెంలో ఉన్న కావలిపురుగు మీద వేపరసం చుక్క వేసింది. అది నిప్పు తగిలిన వెంట్రుకలా ముడుచుకుని ముక్కలైంది.

"తీపి దానికి తిండీ ఇల్లూ, చేదు దానికి చావు. కడుపులో ఏలికపాములన్నీ అయిపోయాక నేనే చేదు మందు పోస్తాను. ఇది చచ్చి బయటికి పోతుంది. అందాకా మాత్రం పిల్లల నోట్లో చేదు పడకూడదు. వేపాకు నూరి పొయ్యొద్దు, కాకరకాయ వండొద్దు. తెలిసిందా?"

"వేపాకు ముట్టం, కాకరకాయ ముట్టం," అని పైడమ్మ ఒట్టు పెట్టుకున్నట్టు అంది.

ఊరిని ఒప్పించింది ఆమే. ప్రతి గడపా ఎక్కింది. అందరూ ఒప్పుకున్నా అన్న మాత్రం మొండికేశాడు.

"పురుక్కి పురుగు మందేటే? రేపు కుక్క కరిత్తే పులిని తెచ్చి వాకిట్లో కట్టేత్తావేటి?"

"కుక్క నీ పిల్లల్ని తిన్నాక అడుగుతాను. అప్పుడు పులినైనా తెమ్మంటావు అన్నియ్యా."

ఎర్రయ్య తల దించుకున్నాడు. అతనికి ఎనిమిదేళ్ళ కాంతం, నాలుగేళ్ళ లోవరాజు ఉన్నారు. ఇద్దరి పొట్టలూ కుండలే. వదిన నూకాలు ఇంట్లోంచి కేకేసింది: "ముందు నీ కొడుక్కి ఎయ్యించు ఒదినా. ఆడు బతికితే మా ఓల్లకి ఎయ్యిద్దాం."

"నా కొడుక్కే ముందు. ఆడికేటైనా అయితే నా పీక కొయ్యండి."

"కోత్తాను. నా సెరుకు కత్తి పదునుగానే ఉంది," అన్నాడు ఎర్రయ్య. అన్నాచెల్లెళ్ళిద్దరూ నవ్వారు. సంతోషి పోయాక ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదలు.

ముందు దాలి, వాడికేమీ కాకపోవడంతో తరవాత పిల్లలందరూ, అరటిపండు ముక్కల్లో పెట్టి పదేసి కావలిపురుగుల్ని మింగారు. ఆ వారమంతా పిల్లల కడుపుల్లో యుద్ధం జరిగింది. పొట్టల్లో గడగడమని చప్పుడు, చర్మం కింద బొడిపెలు లేచి అణిగేవి. బడి దొడ్లోనూ, ఊరి చివర తుప్పల్లోనూ తెగినవి, చీలినవి, తల లేనివి ఏలికపాములు గుట్టలుగా పడ్డాయి. పిల్లలకి అదో పందెమైపోయింది.

"అమ్మా, ఇయ్యాల నాకు తలకాయొకటి, తోకలు రెండు!" అని దాలి చెరకుతోట గట్టు మీంచి అరుచుకుంటూ వచ్చాడు.

"నాకు మొత్తం పాము పడ్డాదిరా, అయిదు ముక్కలు!" అని కాంతం పక్క గట్టు మీంచి.

"మీ నోల్లు పడ. అన్నం తినే ఏలకి ఏటా మాటలు?" అని నూకాలు చీపురు తీసుకుని తరిమింది. కానీ ఆమె మొహం నిండా నవ్వే.

పొట్టలు లోపలికి పోయాయి. బుగ్గలు వచ్చాయి. దాలి పళ్ళు కొరకడం మానేశాడు. మట్టి వంక చూడడం మానేశాడు. రెండోసారి అన్నం అడిగినప్పుడు పైడమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఈలోగా ఉగాది వచ్చింది. ఆ ఏడు బెల్లం బాగా కుదిరింది, బంగారు రంగులో. పైడమ్మ కొత్త చింతపండు పులుసులో మామిడి ముక్కలు వేసి, వేపపువ్వు చల్లి, పిల్లలున్న ఇల్లు కదా అని బెల్లం రెట్టింపు కొట్టింది. పండగపూట ఒంటరిగా ఉందని డాక్టరమ్మని పిలిచింది. డాక్టరమ్మ అరుగు మీద కూర్చుని అరచేతిలో పచ్చడి పోయించుకుని, ఒక్క గుక్కలో నాకి, వేళ్ళు కూడా చప్పరించింది.

"బాగుందే పైడమ్మా. మా అమ్మ ఇంత బెల్లం వెయ్యదు, పిసినారి."

"మా ఊర్లో బెల్లానికేటి కరువు? దాలీ, ఇలా రా, నువ్వూ ఇంకో సుక్క తీసుకో."

"రెండు సుక్కలు!" అన్నాడు దాలి చెయ్యి చాపి.

ఆ ఉదయం ఊళ్ళో ప్రతి ఇంటి అరుగు మీదా పిల్లలు చేతులు చాపారు. పండగ బాగా జరిగింది.

చేదు మందు పోసే రోజు డాక్టరమ్మ కొత్త చీర కట్టుకుంది. పిల్లల కడుపుల్లో ఇక ఒక్క ఏలికపాము కూడా లేదని పరీక్షల్లో తేలింది. కావలిపురుగుల్ని చంపేస్తే పని ముగుస్తుంది. పొద్దున్నే బడి అరుగు మీద పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టారు. చిన్న గ్లాసుల్లో పచ్చటి రసం. వాసనకే పిల్లలు మొహాలు ముడుచుకున్నారు.

"నాను ముందు తాగుతాను," అంది కాంతం. ముక్కు మూసుకుని తాగేసి, నాలుక బయట పెట్టి తమ్ముడు లోవరాజుని వెక్కిరించింది. ఆ వెక్కిరింపుకి పౌరుషం వచ్చి లోవరాజు తాగాడు. తరవాత దాలి. తరవాత అందరూ.

కాంతం నాలుక ఇంకా బయట ఉండగానే ఆమె మొహం మారింది. పొట్ట పట్టుకుని ముందుకి ఒంగింది. "అమ్మా," అంది మెల్లగా, ఏదో తప్పు చేసినట్టు. మరుక్షణం పెట్టిన కేకకి బడి పైకప్పు మీది కాకులన్నీ లేచాయి.

నూకాలు పరిగెత్తి కూతుర్ని పట్టుకుంది. పిల్ల తల్లి మణికట్టు కొరికింది. వదల్లేదు. పళ్ళు దిగి రక్తం కారినా వదల్లేదు. గౌను పైకి పోయి పొట్ట కనబడింది. చర్మం కింద ఏదో అటూ ఇటూ పరిగెడుతోంది. గౌను వెనకభాగం ఎర్రగా తడిసింది.

ఆ తరవాత ఒకరి తరవాత ఒకరు. లోవరాజు అరుగు మీంచి దొర్లి కింద పడ్డాడు. దాలి గోడకి తల కొట్టుకుంటున్నాడు. పైడమ్మ వాణ్ణి గట్టిగా పట్టుకుంటే వాడి కడుపులోని కదలిక ఆమె కడుపుకి తగిలింది. నెలలు నిండినప్పుడు బిడ్డ తన్నినట్టే ఉంది. అలాంటి తన్నులు పదీ ఇరవై ఒక్కసారిగా.

డాక్టరమ్మ పానకం సీసాలు ఎత్తి పిల్లల నోళ్ళలో పోస్తోంది. "నిద్రపోవాలి, ఇది తగిలితే నిద్రపోవాలి," అని గొణుగుతోంది. పానకం నురగతో, నెత్తురుతో కలిసి తిరిగి బయటికి వచ్చేసింది. ఎర్రయ్య కాంతాన్ని భుజాన వేసుకుని ఆటో వైపు పరిగెత్తాడు. నూకాలు లోవరాజుని అక్కడే వదిలేసి, చేతి గాయం కూడా చూసుకోకుండా వెనకాల పరిగెత్తింది. ఆటో పట్నం దారి పట్టింది.

"ఎవరు పెట్టారు చేదు?" అని డాక్టరమ్మ అరిచింది. "నిజం చెప్పండి! వేపాకు ఎవరు పెట్టారు వీళ్ళకి?"

"ఎవులూ ఎట్నేదమ్మా," అంది పైడమ్మ, కొడుకుని నేలకి అదిమి పట్టుకుంటూ. "మీరు ఒద్దన్న కాడి నుంచి ఆకు ముట్నేదు. కాకరపాదులు పీకేశాం. ఉగాదినాడు పువ్వు కోసుకోడానికి తప్ప యాపచెట్టు మొకం సూడ్నేదు."

డాక్టరమ్మ చేతిలోని సీసా కింద పడి పగిలింది.

"పువ్వా?"

"పచ్చడిలోకమ్మా. ఆకు ఒద్దన్నారు గానీ పువ్వు ఒద్దన్నేదు కదా. తమరూ తిన్నారు కదా మా అరుగు మీద."

డాక్టరమ్మ తన అరచేతిని చూసుకుంది. నెలరోజుల కిందట నాకిన ఆ చేతిని, మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంది. పుట్టినప్పటి నుంచి ప్రతి ఏడూ తిన్నది. అది చేదని ఆమెకీ తట్టలేదు. పండగని తట్టింది, అంతే.

"బెల్లంతో కలిపి," అంది. "పువ్వులో చేదు కొంచెమే, చంపలేదు సరికదా చేదుని తట్టుకోవడం నేర్పింది. వెనకే బోలెడు తీపి వచ్చింది. చేదొస్తే తిండొస్తుందని నేర్చేసుకున్నాయి. ఒక్కసారి చాలు వాటికి. ఇవాళ నేను పోసింది వాటికి చావు కాదు పైడమ్మా. భోజనానికి పిలుపు. లేచి చూస్తే కడుపులో ఏలికపాముల్లేవు. పేగులున్నాయి."

"ఇప్పుడేటి సెయ్యాలి? బేగి సెప్పండి!"

"ఆపరేషన్లకి టైము లేదు, ఇంతమందికి... పానకానికి ఇక లొంగడం లేదు, మేత పెట్టాలి. కడుపు నిండితే చుట్ట చుట్టుకుని పడుకుంటాయి. ల్యాబు జాడీల్లో ఏలికపాములున్నాయి. అవి వీళ్ళ కడుపులోకి—"

ఆమె మాట పూర్తి కాలేదు. ఆటో తిరిగి వచ్చింది. కాలవ వంతెన దాకా కూడా పోలేదట. ఎర్రయ్య దిగాడు. చేతుల్లో కాంతం తల వెనక్కి వాలి ఉంది. చొక్కా మొత్తం ఎరుపు. కూతుర్ని అరుగు మీద పడుకోబెట్టి, గౌను మోకాళ్ళ కిందికి సర్ది, పక్కనున్న వాడి చేతిలో చెరకుగడ లాక్కుని డాక్టరమ్మ మూతి మీద కొట్టాడు.

గడ విరిగింది. పళ్ళు విరిగాయి. ఆమె పడిపోయాక మిగతా మగాళ్ళు వచ్చారు. "ఈ సేతుల్తోనే కదే పోశావు?" అని ఎవడో రెండు మణికట్లనీ మెట్టు మీద పెట్టి తొక్కాడు. ఎండుపుల్లలు విరిగిన చప్పుడు వచ్చింది. పిల్లల అరుపుల్లో ఆ అరుపు కలిసిపోయింది.

"ల్యాబు తగలెట్టండ్రా! ఒక్క పురుగు మిగలకూడదు!" అన్నాడు ఎర్రయ్య.

మగాళ్ళందరూ గోదాము వైపు పరుగు తీశారు. పెట్రోలు డబ్బాలు, గునపాలు, చెరకు కత్తులు. డాక్టరమ్మ చెప్పిన మాట విన్నది పైడమ్మ ఒక్కతే. ఆమె దాలిని డాక్టరమ్మ పక్కన పడుకోబెట్టింది. వాడి పెదాలు నీలంగా మారుతున్నాయి. అరుపు కూడా సన్నబడింది. అది మంచిది కాదని ఆమెకి తెలుసు. సంతోషికీ చివర్లో అలాగే సన్నబడింది.

గోడకి ఆనించిన కత్తి ఒకటి కనబడితే తీసుకుని పరిగెత్తింది.

ఆమె చేరేటప్పటికి గోదాము తలుపులు విరిగి ఉన్నాయి. లోపల గాజు పగిలే చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. నేల నిండా నీళ్ళు, గాజు పెంకులు, మెలికలు తిరుగుతున్న ఏలికపాములు. మగాళ్ళు వాటిని చెప్పులతో తొక్కుతున్నారు. కొందరు కసిదీరక గునపాలతో గుచ్చుతున్నారు. కొన్ని పురుగులు జారి గుమ్మం బయట బురదలోకి పాకాయి. ఓ మూల పెట్రోలు వాసన.

చివరి అర దగ్గర ఎర్రయ్య ఉన్నాడు. దాని మీద జాడీలు ఇంకా నిలబడి ఉన్నాయి. అతను అర అంచు పట్టుకుని ముందుకి లాగుతున్నాడు.

"అన్నియ్యా, అయి ముట్టుకోకు! పిల్లలు బతకాలంటే అయే కావాలి!"

"నీ పురుగులే నా కాంతాన్ని తిన్నాయి. పీక కొయ్యమన్నావు, గుర్తుందా?"

"కొయ్యి. తరవాత కొయ్యి, నానే తల ఒంచుతాను. ఇప్పుడు అది వొదులు. లోవరాజు ఇంకా ఊపిరితో ఉన్నాడు. నా దాలి ఉన్నాడు. ఒరే, బతికున్నోల్లని సూడరా!"

అతనికి వినబడలేదు. కళ్ళలో కాంతం తప్ప ఏమీ లేదు. అర ముందుకి వంగింది. జాడీలు జారడం మొదలెట్టాయి.

పైడమ్మ కత్తి ఎత్తి అర అంచు మీదికి దించింది.

చెరకు నరికినంత తేలిక. ఎర్రయ్య కుడిచేతి వేళ్ళు రెండు అర మీద ఉండిపోయాయి, చెయ్యి మాత్రం వెనక్కి వచ్చింది. అతను అరవలేదు. చేతిని మొహం ముందు పెట్టుకుని, ఎవరి చెయ్యో అన్నట్టు చూశాడు. జాడీలన్నీ పడి పగిలాయి. ఒక్కదాన్ని పైడమ్మ పొట్టకి అదుముకుని పట్టుకోగలిగింది. అదే క్షణంలో మూలనున్న పెట్రోలు భగ్గుమంది.

మంటల్లోంచి ఆమె నడిచి బయటికి వచ్చింది. పరిగెడితే జాడీ జారుతుందని నడిచింది. కొంగు అంటుకుంది. ఎవడో వీపు మీద కర్రతో కొట్టాడు. ఇంకోడు కొట్టబోయాడు కానీ, ఆమె కళ్ళు చూసి కర్ర దించేశాడు. కొంగుని బురదలో తొక్కి ఆర్పుకుని, మళ్ళీ నడిచింది.

బడి అరుగు మీద వంట మనిషి మధ్యాహ్నానికి వండిన అన్నం గిన్నెలు అలాగే ఉన్నాయి. డాక్టరమ్మ గోడకి చేరగిలబడి, విరిగిన చేతులు ఒళ్ళో వేసుకుని, దాలి మొహం దగ్గర తన చెవి పెట్టి ఊపిరి వింటోంది.

"ఉంది ఊపిరి," అంది, పళ్ళు లేని నోటితో. "సన్నవి ఏరు. అన్నంలో పెట్టు. నమలనివ్వకు. బతికున్నవే లోపలికి పోవాలి."

పైడమ్మ జాడీలో చెయ్యి పెట్టింది. అవి ఆమె వేళ్ళకి చుట్టుకున్నాయి, వెచ్చగా. కూతురి ముక్కులోంచి లాగినప్పటి వెచ్చదనమే. అన్నం ముద్ద కలిపి, మధ్యలో గుంట చేసి, ఒక పురుగుని చుట్టగా పెట్టి, మళ్ళీ మూసింది. దాలి తలని మోచేతి మీద పెట్టుకుంది.

"బావూ, నోరు తెరు."

వాడు కళ్ళు సగం తెరిచాడు. "ఏటే అది? కదుల్తంది."

"సేమియారా."

"పంచదార ఎయ్యనేదేటి?"

"తరవాత ఎత్తాను. నమలకు, నాన్నా. మింగెయ్."

వాడు మింగాడు. సగంలో అడ్డం పడింది. గొంతులో అది కదలడం పైకి కనబడింది. వాంతి రాబోతే ఆమె నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, ఇంకో చేత్తో గొంతు నిమిరింది. సంతోషిని చంపిన పురుగు తన చేతుల మీదుగా కొడుకు కడుపులోకి దిగింది. ఆమె ఇంకో ముద్ద కలిపింది. ఇంకోటి.

వాడి పొట్టలో పెద్ద కుదుపు వచ్చింది. ఒళ్ళంతా విల్లులా వంగింది. పైడమ్మ వాడి మీద పడి పట్టుకుంది. లోపల ఏవో ఒకదాన్నొకటి చుట్టుకుని చీల్చుకుంటున్న చప్పుడు ఆమె చెవికి వినబడింది. ఆ పోరుని ఒకప్పుడు పళ్ళెం ముందు ఎంత ఆశగా చూసిందో, ఇప్పుడు దాని చప్పుడు అంత భయంగా వింది. మెల్లగా కుదుపు తగ్గింది. తగ్గి, ఆగింది. దాలి పెద్ద ఊపిరి తీసి కళ్ళు మూసుకున్నాడు. పెదాల మీదికి రంగు వచ్చింది.

"పడుకున్నాయి," అంది డాక్టరమ్మ. ఆమె ఏడుస్తోంది. "మళ్ళీ ఆకలేస్తుంది వాటికి. అప్పుడు మళ్ళీ పెట్టాలి."

"ఎన్నాల్లు?"

"వాటిని చంపేది చేదొక్కటే. అది ఇక పనిచెయ్యదు. నేను ఇంకో దారి కనుక్కునే దాకా వీళ్ళ కడుపుల్లో ఏలికపాము ఉండాల్సిందే. ఒక్క పూట లేకపోయినా..."

పైడమ్మ వినలేదు. అప్పటికే లోవరాజుకి ముద్ద కలుపుతోంది. వాడి పళ్ళు బిగుసుకుపోయాయి. ఎంత లాగినా నోరు తెరుచుకోవడం లేదు. అప్పుడు ఎవరో వచ్చి ఆమె ఎదురుగా కూలబడ్డారు. ఎర్రయ్య. కుడిచేతికి తువ్వాలు చుట్టి ఉంది, రక్తం మోచేతి దాకా కారుతోంది. అతను చెల్లెలి వైపు చూడలేదు. నిద్రపోతున్న దాలి పొట్ట వైపు చూశాడు. అది మామూలుగా లేచి పడుతోంది. తరవాత కూతురి శవం మీద తల పెట్టుకుని కూర్చున్న నూకాలు వైపు చూశాడు.

ఎడమచేత్తో కొడుకు దవడ పట్టుకున్నాడు. చాలలేదు. తువ్వాలు విప్పేసి, మిగిలిన వేళ్ళతో రెండో వైపూ పట్టి, దవడ చప్పుడయ్యేలా తెరిచాడు.

"ఎట్టు," అన్నాడు.

పైడమ్మ పెట్టింది. లోవరాజు మింగాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ వాడి పొట్ట మీద చేతులు వేసి, అది శాంతించే దాకా అలాగే కూర్చున్నారు. అతని నెత్తురు పిల్లాడి పొట్ట మీద చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంది.

తల్లులు గిన్నెల చుట్టూ మూగారు. పైడమ్మ కలుపుతోంది, పెడుతోంది. జాడీ అడుగు కనబడుతోంది. అరుగు మీద ఇంకా పిల్లలు దొర్లుతూనే ఉన్నారు. ఆమె చెయ్యి జాడీ అంతా తడిమి ఖాళీగా బయటికి వచ్చింది.

"అయిపోయాయి," అంది.

గోదాము వైపు నుంచి పొగ వస్తోంది. చేతుల్లో ఖాళీ డబ్బాలతో మగాళ్ళు బడి ముందు నిలబడి ఉన్నారు. తమ పిల్లల అరుపుల్ని ఒక్కొక్కరూ గుర్తుపడుతున్నారు.

ఎర్రయ్య లేచాడు. "గుమ్మం బయట బురదలోకి కొన్ని పాకాయి," అన్నాడు. "రండ్రా. తొక్కినోల్లం మనమే, ఏరాల్సిందీ మనమే."

వాళ్ళు పరిగెత్తారు. కాలుతున్న గోదాము ముందు బురదలో మోకాళ్ళ మీద పడి, కాసేపటి కిందట చెప్పులతో నలిపిన వాటిని వేళ్ళతో తడుముతూ వెతికారు. మంట వేడికి మొహాలు కమిలాయి. గాజు పెంకులు మోకాళ్ళలో దిగాయి. చచ్చినవాటిని పక్కన పెట్టి, బూడిద ఊది, నోటి తడితో తుడిచి, ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టుకుని కదలిక కోసం చూశారు.

"బతికుంది!" అని ఎవడో పెద్దగా అరిచాడు. "ఒరే, ఇది బతికే ఉందిరా!"

ఆడవాళ్ళు అన్నం గిన్నెలు ఎత్తుకుని అటు పరిగెత్తారు.